ఒక్క కాగితంతో నయమైన చెయ్యి

మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి విరిగితే డాక్టరు దగ్గరికి తీసుకుపోకండి. కోస్తాడు, కుట్లు వేస్తాడు, ఆ పైన చేదు మాత్రలు. ఈ బాధలన్నీ దేనికి? నేరుగా భత్యం ఇచ్చే ఆఫీసుకు తీసుకుపోండి. వాళ్ళు ముందు భత్యం ఇస్తారు, తర్వాత ఆపేస్తారు. ఆపిన మరుక్షణం చెయ్యి బాగైపోతుంది.

నవ్వకండి. నా కొడుకు చెయ్యి అలాగే బాగైంది.

మా మస్తాన్ వలీకి దమ్మామ్‌లో ఒక గోడౌన్‌లో సరుకు ఎత్తి దించే పని. నేనూ ఈ ఊళ్ళోనే ఒక సౌదీవాళ్ళ ఇంట్లో పద్నాలుగేళ్ళుగా వంట చేస్తున్నాను. పోయినేడు రంజాన్‌కు వారం ముందు, మంగళవారం, సాయంత్రం అసర్ నమాజు వేళ, ఇనప ర్యాకు ఒకటి ఒరిగి వాడి కుడిచేతి మీద పడింది. రెండు ఆపరేషన్లు చేశారు. చెయ్యి మిగిలింది, వేళ్ళు మాత్రం ముడుచుకోవు. చొక్కా గుండీ పెట్టుకోలేడు. అన్నం కలుపుకోలేడు. మూడో ఆపరేషన్ చేస్తే పట్టు వస్తుందని సర్జను చెప్పాడు.

పనిలో దెబ్బ తగిలినవాళ్ళకు, బాగయ్యేదాకా వైద్యం చేయించి నెలనెలా భత్యం ఇచ్చే ఇన్సూరెన్సు ఆఫీసు ఒకటుంది. దాని పేరు చెప్పను, మళ్ళీ పని పడొచ్చు. ఆరు నెలలు చక్కగా ఇచ్చారు. ఏడో నెలలో కాగితం వచ్చింది. మస్తాన్ వలీ పూర్తిగా కోలుకున్నాడు, పనికి తగినవాడు, కాబట్టి భత్యమూ వైద్యమూ ఆపడమైనది, అభ్యంతరం ఉంటే నెల లోపల రాసుకోవచ్చును, అని.

ఏం మహిమ! ఆ పొద్దున టీ గ్లాసు పట్టుకోలేక ఒళ్ళో పోసుకున్న మనిషి, మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకల్లా పూర్తిగా కోలుకున్నాడు. ఇద్దరు సర్జన్లు ఆరు నెలలు తంటాలుపడ్డ పనిని ఒక గుమాస్తా ఒక్క ముద్ర కొట్టి చేసేశాడు. మత్తు సూది కూడా లేదు.

ఈ ఆఫీసును ఒక్క వారం మా రాయచోటికి అద్దెకు ఇస్తారేమో అడగాలి. చూపు ఆనక గోడ పట్టుకుని నడిచే ఓబులయ్యకు ఒక కాగితం పంపితే సూదిలో దారం ఎక్కిస్తాడు. పదేళ్ళుగా మంచం దిగని ఓబులమ్మకు ఒకటి పంపితే కొంగు దోపుకుని శెనక్కాయ చేలో కలుపు తీస్తుంది. ఆసుపత్రి మంచాలు వేలం వేసుకోవచ్చు. దర్గాల్లో తాయెత్తులు కట్టే సాయిబులు మాత్రం ఏదైనా వేరే పని చూసుకోవాలి.

మా వాడి కంపెనీ సూపర్‌వైజరు కూడా చాలా సంతోషించాడు. ఇంత మంచి చెయ్యి ఉట్టినే ఉండడం దేనికి, వచ్చే నెల నుంచి పెట్టెలు ఎత్తు, లేదంటే ఎగ్జిట్ తీసుకో అన్నాడు. ఎగ్జిట్ అంటే తెలుసు కదా, ఈ దేశం నుంచి మొత్తంగా ఇంటికి సాగనంపడం. ఆ విమానం ఎక్కితే మూడో ఆపరేషన్ ఇక్కడే ఉండిపోతుంది. ముడుచుకోని చేత్తో, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఊళ్ళో దిగుతాడు.

అయినా వాడి చెయ్యి బాగైందని వాళ్ళకెట్లా తెలిసింది? నేను వంట చేసే ఇంటి డ్రైవరు బాబ్‌జాన్ మా పక్క ఊరి మనిషే, అరబ్బీ చదువుతాడు. కాగితం చివరిదాకా చదివి తలెత్తి మస్తాన్‌ను చూశాడు. నీ పరిస్థితి ఎట్లా ఉందని డాక్టరు అడగ్గా, చాలా బాగుందని రోగే స్వయంగా చెప్పినట్టు రాసి ఉంది.

"ఏం చెప్పినావురా డాక్టరుకు?" అన్నాను.

"నేనేం చెప్పలేదు మా. కైఫ్ హాలక్ అన్న్యాడు. తమామ్, అల్‌హమ్‌దులిల్లాహ్ అంటి."

ఎట్లున్నావు అంటే బాగున్నాను, దేవుడి దయ, అన్నాడన్నమాట.

"చెయ్యి చూపియలేదా?"

"ఆయప్ప అడగలేదు కదా మా. అడక్కుండానే చెయ్యి ముందరికి చాపితే ఏం బాగుంటాది, అడుక్కున్నెట్ల."

"వాడు సలాం చెప్తే వీడు సర్టిఫికెట్ ఇచ్చినాడు పెద్దమ్మా," అన్నాడు బాబ్‌జాన్.

నా కొడుకును తప్పు పట్టలేను. ఎట్లున్నావని అడిగితే బాగున్నానని కాక ఇంకేమంటాడు? మీరేమంటారు? జ్వరంతో మూలుగుతూ కూడా బాగున్నాననే అంటారు. కువైట్‌లో ఉన్నప్పుడు మా ఆయన రాసిన ఉత్తరాలన్నీ నాకు నోటికి వచ్చు. ఒకటి 'ఇక్కడ నేను క్షేమం' అని మొదలై, మూడో పేజీలో కామెర్లతో నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాననీ, గుర్తుపట్టలేనంత చిక్కిపోయాననీ, నాలుగో పేజీలో బర్రె ఈనిందా అనీ సాగింది. ఆ ఉత్తరం ఈ ఆఫీసు చేతిలో పడితే ఏం చేసేవాళ్ళు? మొదటి లైను చదివి మంచం ఖాళీ చేయించేవాళ్ళు.

అభ్యంతరం రాసే బాధ్యత నేను తీసుకున్నాను. అక్కడే అసలు తప్పు జరిగింది. అది నాదే.

నాకు ఉత్తరం రాయడం ఒక్క తీరుగానే వచ్చు. మూడో తరగతిలో పంతులు నేర్పిన తీరు. ఆ తర్వాత నేను బడికి పోలేదు, ఆ తీరూ మారలేదు. నేను చెప్పాను, బాబ్‌జాన్ హిందీ చేశాడు, టైపింగ్ కొట్టు కేరళ ఆయన అరబ్బీలో కొట్టాడు. పాపం మంచివాడు, ఒక్క ముక్క కూడా వదల్లేదు. 'మహారాజశ్రీ ఆఫీసు పెద్దలకు మస్తాన్ వలీ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను, మా అమ్మ క్షేమంగా ఉన్నాము. అక్కడ మీరు, మీ పిల్లాపాపలు క్షేమమని తలుస్తాను. తర్వాత వ్రాయునది ఏమనగా, నా చెయ్యి పని చేయడం లేదు.'

పదకొండో రోజు జవాబొచ్చింది. అభ్యంతరం మొదట్లోనే దరఖాస్తుదారుడు తాను క్షేమంగా ఉన్నట్టు మరొకసారి ధ్రువీకరించాడు, అయినప్పటికీ కోరినందువల్ల నలభై రోజుల తర్వాత ముగ్గురు డాక్టర్ల కమిటీ ముందు హాజరు కావలెను, వారి మాటే చివరి మాట.

నా మనసుకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. నా యాభై తొమ్మిదేళ్ళ బతుకులో నేను చెప్పి రాయించిన ఉత్తరాన్ని ఇంత శ్రద్ధగా ఎవరు చదివారు? ఆ శ్రద్ధ మొదటి లైను దగ్గరే అలిసిపోతే వాళ్ళ తప్పా?

ఇంకో మేలు చెబుతాను. కంపెనీవాళ్ళు కమిటీ తేలేదాకా ఆగుతామన్నారు. అంతకుముందు రెండు నెలలకొకసారి ముఖం చూపించే నా కొడుకు, భత్యం ఆగిన దగ్గర్నుంచి ప్రతి శుక్రవారం వచ్చాడు. గేటు పక్క బాబ్‌జాన్ గదిలో కూర్చోబెట్టి వాడికి చదువు మొదలుపెట్టాం. ఒకటే పాఠం. ఎట్లున్నావని అడిగితే బాగాలేదని చెప్పడం.

బాబ్‌జాన్ తెల్ల చొక్కా వేసుకుని డాక్టరుగా కుర్చీలో కూర్చున్నాడు.

"కైఫ్ హాలక్?"

"తమామ్."

"నీ తమామ్‌కు తాళం పెట్ట. మళ్ళ చెప్పు. కైఫ్ హాలక్?"

"తమామ్... కాదన్నా, నోరు జారె."

"నోరు కాదురా జారేది, నీ ఆపరేషను. ఇంగోసారి."

"పోనీ ఏం చెప్పకుండా ఏడ్చేదా?"

"ఏడిస్తే కంటి జబ్బని రాస్తారు," అన్నాను నేను.

రెండో శుక్రవారం బిర్యానీ తింటుండగా అడిగాం, తమామ్. చెప్పులు వేసుకుంటుండగా అడిగాం, తమామ్. నేను గరిటె కాడ చూపించి అడిగాను, అప్పుడూ తమామే. మూడో శుక్రవారం మొదటిసారి 'మూ జైన్' అన్నాడు, అంటే బాగాలేదని. అన్నాడు కానీ పెళ్ళికి పిలుస్తున్నట్టు నవ్వుతూ అన్నాడు.

"ఆ నవ్వు మానురా."

"నవ్వకుండా బాగలేదంటే ఎదుటి మనిషి ఏమనుకుంటాడు మా? ఆయప్ప వల్లనే బాగలేదనుకోడా?"

ఇట్లాంటి పిల్లవాణ్ణి కన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

కమిటీ రోజు నేను వంట చేసే ఇంటి మేడమ్ నాకు సగం పూట సెలవిచ్చి కారు కూడా ఇచ్చింది. పొడుగు బల్ల, వెనక ముగ్గురు డాక్టర్లు. నడుమ ఉన్నాయన పెద్దవాడు, గడ్డం తెల్లబడింది. ఆయన ముందున్న ఫైలు మా మస్తాన్ పెట్టెలు ఎత్తే రోజుల్లో ఎత్తినంత బరువుంది. మా వాడి నుదుట చెమట పట్టింది. నేను గోడ పక్క నిలబడి నాకు తెలిసిన దువాలన్నీ చదివేశాను.

"కైఫ్ హాలక్, యా మస్తాన్?" అన్నాడు కుడి పక్కాయన.

మస్తాన్ నా వైపు చూశాడు.

"అల్‌హమ్‌దులిల్లాహ్," అన్నాడు. నా గుండె ఆగింది. "మూ జైన్."

దేవుడి దయ వల్ల బాగాలేదు. కుడి పక్కాయన, ఎడమ పక్కాయన ఇద్దరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఫైలు మూసి పక్కకు జరిపి, లేచి నిలబడి, సలాం అంటూ చెయ్యి చాపాడు. పెద్దలు చెయ్యి చాపితే ఇవ్వకుండా ఉంటామా? మా వాడు కుడిచెయ్యి ఇచ్చాడు. అది ఆయన అరచేతిలో నానిన రొట్టెపిండిలా పడి ఉంది.

"గట్టిగా పట్టుకో," అన్నాడాయన.

"పట్టుకునే ఉండా డాక్టర్ సాబ్," అన్నాడు మస్తాన్.

పెద్దాయన ఆ చేతిని వెంటనే వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి చూశాడు, ఒక్కొక్కటీ మళ్ళీ తెరుచుకుంది. తర్వాత కూర్చుని రెండు లైన్లు రాశాడు. అంతే. నేను ఒక దువా చదివేంత సేపు కూడా పట్టలేదు. ఆ మాత్రానికి మేము నలభై రోజులు చదువుకున్నాం!

వారం తిరక్కుండా మస్తాన్ ఫోనుకు మెసేజ్ వచ్చింది. భత్యం మళ్ళీ మొదలు, ఆపిన నెలలతో సహా. మూడో ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారు. అంటే మంచిగా ఉన్న చెయ్యిని మళ్ళీ పాడుచేశారన్నమాట. అయినా డ్రైవరు గదిలో ఆ పూట సేమియా వండుకున్నాం.

ఒక్క సంగతి మీకు చెప్పలేదు. ఆ రోజు మేము బయటికి వస్తుంటే పెద్దాయన నన్ను చూసి, మరి నువ్వెట్లా ఉన్నావమ్మా అని అడిగాడు. నేను తడుముకోకుండా "తమామ్" అన్నాను. మస్తాన్ కారెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

తమామ్ కాక ఏమనమంటారు? నా ఎడమ మోకాలు రెండేళ్ళుగా వంగడం లేదు. వంటిల్లు కింద, భోజనాల గది పైన. రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతానో ఆ మోకాలికే తెలుసు. మస్తాన్ చేతికి ఒక ఫైలుంది, ఒక కమిటీ ఉంది, తప్పు రాసే గుమాస్తా ఉన్నాడు, దిద్దే పెద్దాయన ఉన్నాడు. వంటమనిషి మోకాలికి ఎవరున్నారు? అది బాగైందని అబద్ధం రాసేవాడైనా లేడు.

కాబట్టి ఆఫీసు పెద్దలకు నా మనవి ఇది. నా మోకాలి పేరున కూడా ఒక ఫైలు తెరవండి. ఒక్క నెల భత్యం ఇవ్వండి. రెండో నెల మీ ఇష్టం, పూర్తిగా కోలుకుందని రాసి ఆపెయ్యండి. పోట్లాడడానికి నేనే వస్తాను. మీ ఆఫీసు రెండో అంతస్తులో ఉంటే మాత్రం, ఒక గంట ముందు కబురు పెట్టండి.