లేచి నిలబడ్డ పాపానికి

నర్సింగ్ చదవడానికి దేశంకాని దేశం వచ్చిన ఆ పిల్ల ఆ పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడో మంచం తాతగారి నాడి చూడాలి, కాగితం మీద రాయాలి, పాసవ్వాలి. ఇదివరకే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది, విమానం ఎక్కాల్సిందే.

"నాడి చూడు, రాయి, నోరు మూసుకో. అతి తెలివి చూపించకే," అంది గదిలో తోడుండే అక్క, జడ బిగిస్తూ.

"అలాగే అక్కా."

తాతగారు రిటైరైన బస్సు డ్రైవరు. కాలి దెబ్బతో నిన్ననే చేరాడు. పిల్ల స్టూలు మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుంది. డెబ్బై రెండు. అంతలో పరీక్ష పెట్టే మేడమ్ లోపలికి వచ్చింది. చిన్నప్పటి నుంచీ టీచరు వస్తే లేచే కాళ్లు వాటంతటవే లేచాయి. పట్టుకున్న చెయ్యి జారి మంచం మీద పడింది.

"ఏమ్మా, అలా లేచావ్? నాడిలో ఏం కనిపించింది?" అన్నాడు తాతగారు.

"ఏం లేదు తాతగారూ."

భార్య పోయేముందు కూడా ఆసుపత్రిలో ఆయనతో అదే మాట అన్నారు. నాడి నూట పదికి ఎక్కింది. మేడమ్ కంగారుపడి డాక్టరును పిలిచింది. డాక్టరు వచ్చాడు, పిల్ల లేచింది. నూట ముప్పై. గుండె మిషనూ, దాని వెనకే పెద్ద డాక్టరూ వచ్చారు. పిల్ల మళ్లీ లేచింది.

"నా పని అయిపోయింది. మా అమ్మాయిని పిలవండి," అన్నాడు తాతగారు.

ఆరేళ్లుగా ఆయనతో మాటల్లేని కూతురు పనిలో కట్టుకున్న ఏప్రన్ కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అది చూసి పిల్లా ఏడ్చింది. దాంతో తాతగారికి ఉన్న కాస్త ఆశా పోయింది.

మిషను మాత్రం గుండె నిక్షేపంలా ఉందంది.

"అసలెందుకు లేస్తున్నావ్?" అంది మేడమ్.

"మీరొచ్చారు కదండీ."

"క్లాసుకి రోజూ వస్తాగా!"

"అక్కడా రోజూ లేస్తున్నానండీ."

'రోగులను భయపెడుతోంది' అని రాసి మేడమ్ పిల్లను పరీక్ష తప్పించింది. తాతగారు ఊరుకోలేదు. ఈ పిల్ల లేవకపోతే తన కూతురు వచ్చేదే కాదని అర్జీ పెట్టాడు. ఆయన పుణ్యమా అని వారానికి విచారణకు పిలిచారు.

"ఎవరొచ్చినా సరే, మేకు కొట్టినట్టు కూర్చో," అంది అక్క.

విచారణ గదిలోకి ప్రిన్సిపాల్ అడుగు పెట్టాడు. మేడమ్ లేచింది, గుమాస్తా లేచాడు, అర్జీ పెట్టిన తాతగారు కూడా చేతికర్ర ఊతంతో లేచాడు. పిల్ల రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

తీర్పు ఒక్క ముక్కే. 'పెద్దలంటే గౌరవం లేదు.'

విమానంలో బెల్టు పెట్టుకుని కదలకుండా కూర్చున్నందుకు మాత్రం, ఆ దేశంలో మొదటిసారి ఆమెను ఒకరు మెచ్చుకున్నారు.