ముద్ర పెండింగ్

"ఈ రోజు నుంచి ఉద్దానంలో డిజిటల్ హక్కులు లేని ప్రాణి అంటూ ఉండకూడదు!" అని ధర్మారావు గారు కాశీబుగ్గ బస్టాండు దగ్గర మైకులో హుకుం జారీ చేశారు. మజ్జిగ ప్యాకెట్ల కోసం నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. ఊళ్లలోకి దిగుతున్న ఎలుగుబంట్లు కూడా ఆ ప్రాణుల్లోకి వస్తాయో రావో ఆయన చెప్పలేదు. ముందు వరసలో కూర్చున్న హేమ మాత్రం ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది. పెద్దవాళ్ల మాటలు ఉన్నదున్నట్టు అచ్చువేయడమే ఆమె చేసే అల్లరి.

హేమ 'ఉద్దానం కబురు' విలేకరి. ఆ పత్రికకు ఎడిటరూ ఆమే, ఫొటోగ్రాఫరూ ఆమే, టీ తెచ్చుకునేదీ ఆమే. మొదట్లో కొబ్బరి ధరలూ, తుపాను హెచ్చరికలూ రాసుకునేది. ఒకసారి ఎవరో మహానుభావులు ఏదో పథకం లబ్ధిదారుల పేర్లను ఫోన్ నంబర్లూ ఆధార్ నంబర్లతో సహా వీధి గోడకు అంటించారు. మర్నాటి నుంచి హేమ తల్లి మహాలక్ష్మమ్మకు లాటరీ తగిలిందని ఫోన్లు మొదలయ్యాయి. ఆవిడ ప్రతి మోసగాడికీ తన మోకాళ్ల నొప్పుల చరిత్ర మొదటి నుంచీ చెప్పుకొచ్చేసరికి, ఆఖరికి వాళ్లే ఆవిడ నంబరు బ్లాక్ చేసుకున్నారు. తల్లి గెలిచింది గానీ కూతురికి ఒళ్లు మండింది. 'మనిషి వివరాలంటే గోడకు కొట్టే పిడకలా?' అని రాసింది. గోడ మీది కాగితాలు ఊడిపోయేదాకా రాస్తూనే ఉంది. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల డిజిటల్ హక్కులంటే హేమే.

ఇక ధర్మారావు గారు. జలంత్రకోటలో కొబ్బరితోటలున్న ఆసామి. పార్టీకి ఏళ్ల తరబడి సేవ చేసి, చివరికి మొహమాటపడుతూ టికెట్ అడిగారు. పార్టీ ఆయన త్యాగాన్ని గుర్తించి, టికెట్ వేరే ఆయనకిచ్చి, ఈయన కోసం 'ఉద్దానం డిజిటల్ హక్కుల పరిరక్షణ మండలి' అనేదాన్ని పుట్టించి, చైర్మన్ని చేసింది. కారుకు బోర్డు తగిలించుకున్నాక, ఆ బోర్డు మీది మాటలకు అర్థమేమిటో తెలుసుకోవాలని ఆయనకు అనిపించింది. ఇంత జిజ్ఞాస ఉన్న నాయకులు ఈ రోజుల్లో అరుదు. వరసకు మేనకోడలయ్యే హేమ ఆఫీసుకు, అంటే మొబైల్ షాపు మీదున్న గదికి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"అమ్మీ, ఈ డిజిటల్ హక్కులంటే ఏటే? ఫ్లెక్సీలు కట్టుకోడమేనా?"

"కాదు మావా. ఇలగొచ్చి పైడమ్మని సూడు."

బల్ల పక్కన కూర్చున్న పైడమ్మ లేచి దండం పెట్టింది. పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి, పిక్కల్లోంచి కారే నూనెకు ఆమె వేళ్ల మీది గీతలన్నీ చెరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషన్ మీద ఏ వేలు పెట్టినా ఈ మనిషెవరో తెలియదంటోంది. మూడు నెలలుగా ఇంటికి బియ్యం లేవు.

"డిపో బాబు నాకు తమ్ముడి వరసే," అంది పైడమ్మ. "'అప్పా, నువ్వెవలివో నాకు తెలుసు గానీ మిషన్‌కి తెల్దు' అంతన్నాడు."

"యేలు పడకపోతే పుస్తకంలో సంతకం తీసుకుని బియ్యం ఇవ్వాల," అంది హేమ. "ఆ ఒక్క ఆర్డరు పైనించి తెప్పించు మావా. హక్కంటే అదే."

"ఓస్! ఇంతేనా?" అన్నారు ధర్మారావు గారు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆయన మనసు వెన్న. వెంట వచ్చిన అనుచరుడు ఫొటో తీసేదాకా తుడుచుకుంటూనే ఉన్నారు.

వారం తిరక్కుండా మండలి ఆఫీసు తెరుచుకుంది. కంప్యూటర్ ముందు మహేష్ అనే ఆపరేటర్ కూర్చున్నాడు. మొదటి ఫిర్యాదు పైడమ్మది. హేమ పక్కనే నిలబడింది.

"ఫిర్యాదేటమ్మా?"

"నా యేలిముద్దర పడతల్లేదు బాబూ."

"అలాగే. ఇక్కడ యేలిముద్ర ఎయ్యి."

"అది పడకే గదా ఒచ్చినాను!"

"పడతల్లేదని ఎక్కించాలంటే ముద్ర పడాల. లేపోతే ఎవులు ఫిర్యాదు సేత్తన్నారో సిస్టమ్‌కి ఎలాగ తెలుత్తాది?"

"నాను సెప్తన్నాను గదా," అంది హేమ. "కావాలంటే నా ముద్ర తీసుకో."

"మీ ముద్ర తీసుకుంటే మీ సమస్య తీరిపోతాది మేడమ్," అన్నాడు మహేష్ మర్యాదగా.

పైడమ్మ పది వేళ్లూ నొక్కి చూసింది. కాలి బొటనవేలు పెట్టమంటావా అని కూడా అడిగింది. ఆ ఆప్షన్ లేదన్నాడు మహేష్.

హేమ ఈ సంభాషణను ఒక్క అక్షరం మార్చకుండా అచ్చువేసింది. అది ఫోన్ల మీద ఇటు ఇచ్ఛాపురం దాకా, అటు టెక్కలి దాకా పోయింది. ధర్మారావు గారు చలించిపోయి అప్పటికప్పుడు ఆఫీసుకు ఫోన్ చేశారు.

"ఒరే మహేషూ, ముద్ర లేకపోయినా ఎక్కించీరా. అది తర్వాత సూసుకుందాం!"

పైడమ్మ ఫిర్యాదు పక్కన 'ముద్ర పెండింగ్' అని పడింది. వేలిముద్రనే పెండింగ్‌లో పెట్టిన తొలి నాయకుడంటూ అభిమానులు రైల్వే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. బియ్యం మాత్రం రాలేదు. పైడమ్మ పక్కింటి నుంచి గ్లాసులతో బదులు తెచ్చుకుంటూనే ఉంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా హేమకు అన్నం సయించడం లేదు.

ఆ తర్వాతి నెల టెక్కలిలో మండలి విజయోత్సవ సభ పెట్టారు. నూరు శాతం ఫిర్యాదులు పరిష్కరించారట. హేమకు శాలువా కప్పి 'డిజిటల్ దుర్గ' బిరుదు ఇస్తారట.

"శాలువా కప్పించుకుంటే ఇంక నోరు మూసుకోవాలేమోనే," అంది మహాలక్ష్మమ్మ.

"శాలువాతో పాటు మైకు కూడా ఇత్తారు గదమ్మా," అంది హేమ. పైడమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

సభ నిండా జీడి ఫ్యాక్టరీల ఆడవాళ్లే. లారీల్లో తోలుకొచ్చారు. శాలువా భుజాల మీద పడగానే హేమ మైకు అందుకుంది.

"బిరుదు తర్వాత సంగతి మావా. పైడమ్మకి బియ్యం ఎప్పుడిప్పిత్తావు?"

ధర్మారావు గారు చిన్నపిల్ల మారాం విన్నట్టు నవ్వారు. "అమ్మీ, నువ్వింకా పాత న్యూసులోనే ఉన్నావు. మహేషూ, తెర మీద ఎయ్యరా!"

వేదిక పక్కన మిషన్లతో కూర్చున్న మహేష్ మీట నొక్కాడు. పెద్ద తెర వెలిగింది.

'ఫిర్యాదుదారు: పైడమ్మ. సమస్య: వేలిముద్ర పడటం లేదు. స్థితి: పరిష్కారమైనది. ఫిర్యాదుదారు పూర్తి సంతృప్తి చెందారు. ధ్రువీకరణ: ఫిర్యాదుదారు బొటనవేలి ముద్ర.'

వేదిక మీద చప్పట్లు మారుమోగాయి. హేమ ఆ అక్షరాలను పైడమ్మకు మెల్లగా చదివి వినిపించింది. పైడమ్మ తన బొటనవేలిని తిప్పి తిప్పి చూసుకుంది. హేమ ఆమెకు మైకు ఇచ్చింది. కింద పడితే పాడైపోతుందేమోనని పైడమ్మ దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"బాబూ, నాను సంతోషపడ్డానని రాసినారు. మంచిదే. ఆ ముద్దరేసిన యేలు ఎవలి కాడుందో కూసింత సెప్పండి. రేపు దాన్నట్టుకునే డిపోకి ఎల్తాను. దానికైతే బియ్యం ఇత్తారు."

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. "మాకూ ఆ యేలే కావాల!" అని ఒకామె లేచింది. ఆమె వెనక వరస లేచింది. చూస్తుండగానే సభంతా చేతులెత్తి నిలబడింది. హేమకు ఎన్నాళ్లకో కడుపు నిండినట్టయింది. నవ్వు ఆపుకోలేక ఒక్క ముక్క కూడా రాసుకోలేకపోయింది.

ధర్మారావు గారు చెయ్యెత్తి అందరినీ శాంతింపజేశారు. ఆయన ముఖం గంభీరంగా ఉంది.

"ఇది సానా సీరియస్ మేటర్. ఆ యేలు ఎవరిదో తేలే వరకూ నేను నిద్రపోను. మహేషూ, పైడమ్మ పేరు మీద ఇప్పుడే కొత్త ఫిర్యాదు ఎక్కించు!"

తెర మీద కొత్త ఫిర్యాదు పడింది. జనం దాన్ని చదవడం పూర్తి కాకముందే కింద పచ్చటి అక్షరాలు వెలిగాయి. 'పరిష్కారమైనది. ఫిర్యాదుదారు పూర్తి సంతృప్తి చెందారు. ధ్రువీకరణ: ఫిర్యాదుదారు బొటనవేలి ముద్ర.'

పైడమ్మ రెండు చేతులూ ఇంకా మైకు మీదే ఉన్నాయి.