గని ఆటకు హక్కుదారులు

"మన కొత్త రాష్ట్రంలో బొగ్గు ఉంది. ఇనుము ఉంది. బియ్యం ఉంది. ఇవాళ్టి నుంచి ఆట కూడా ఉంది!" అని మంత్రి మంగ్లూరామ్‌జీ సెక్టర్ 6 మైదానంలో ప్రకటించినప్పుడు, ఆయన ముందున్న మైకు నాదే.

నా పేరు సత్యమూర్తి. భిలాయిలో షామియానాలు, మైకు సెట్లు అద్దెకిస్తాను. పెళ్ళిళ్ళూ, ప్రార్థన కూటాలూ, మంత్రులూ నాకు ఒకటే, ఎవరూ చెప్పిన టైముకి ముగించరు. ఛత్తీస్‌గఢ్ పుట్టిన ఈ మూడేళ్ళలో నేను విన్నన్ని ప్రకటనలు ఎవరూ విని ఉండరు. కాని ఒక కంప్యూటర్ ఆటను రాష్ట్ర సంపదగా ప్రకటించడం నేను వినడం అదే మొదలు. మంగ్లూరామ్‌జీది మత్స్యశాఖ. మంత్రివర్గం పంచుకునేటప్పుడు కంప్యూటర్ల శాఖ ఎవరూ తీసుకోక మిగిలిపోతే, దాన్ని కూడా చేపల పక్కన పెట్టుకున్న ఉదారుడు ఆయన.

ఆ ఆట పేరు 'గని'. మొత్తం మూడు భాగాలు. పదిహేనేళ్ళ కిందట డేవిడ్‌రాజ్ రాశాడు. సెక్టర్ 6 మార్కెట్లో కంప్యూటర్ సెంటర్ నడుపుతాడే, ఆ డేవిడ్‌రాజ్. బొమ్మలుండవు, తెర మీద అక్షరాలే. "మీరు పాడుబడిన గని ముందు నిలబడ్డారు. లోపల ఖజానా ఉందని చెబుతారు" అని మొదలవుతుంది. మనం ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ మాటలు కొట్టాలి. 'దియా జలావో' అంటే దీపం వెలుగుతుంది. 'ఉత్తర్ జావో' అంటే ఉత్తరానికి పోతాం. ఈ టౌన్‌షిప్‌లో ఇప్పుడు మీసాలొచ్చి ఉద్యోగాలు చేస్తున్న వాళ్ళలో సగంమంది ఆ గనిలో దారి తప్పినవాళ్ళే.

హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్ళు అడిగారు. పాత మూడు భాగాలకీ బొమ్మలు వేసి, డేవిడ్‌రాజ్ కొత్తగా రాసిన నాలుగో భాగం కలిపి, సీడీ తెస్తామన్నారు. డబ్బా మీద అతని పేరు పెద్దక్షరాలతో వేస్తామన్నారు. "హక్కులన్నీ మీవే కదా?" అని ఫోనులో ఒక మాట అడిగారు. "నావేనండీ" అనేస్తే సరిపోను.

అనలేదు. మా ఊరి మనిషి కదా! ఇక్కడ స్టీలు ప్లాంటు క్వార్టరు ముందు జామచెట్టు నాటాలన్నా, వెనక వరండాకు రేకు దించాలన్నా ఎన్ఓసీ కావాలి. ఎన్ఓసీ లేకుండా మా పిల్లలు ఎలా పుట్టారో మాకే ఆశ్చర్యం. హక్కులు తనవే అని ప్రభుత్వం చేత ఒక ఎన్ఓసీ రాయించుకుంటే నిశ్చింత అనుకున్నాడు.

భార్య లిల్లీ మొత్తుకుంది. "మనింట్లో కూర వండుకోడానికి ఎవర్నైనా అడుగుతామేటి? వొద్దయ్యా, ఊరుకో."

"అలగ కాదు లిల్లీ. కాగితం ఉంటే పక్కాగా ఉంటాది."

అడగనంతకాలం ఆ ఆట డేవిడ్‌రాజ్‌ది. అడిగిన మర్నాటి నుంచి, ఎవరిదో తేలవలసిన ఆస్తి.

అతన్ని మంత్రిగారి దగ్గరికి తీసుకెళ్ళింది మా గోవిందరావు. పార్టీకి వార్డు కన్వీనరు, మా తెలుగువాళ్ళకి పెద్దదిక్కు. ఎవరికే కష్టమొచ్చినా ముందు ఆయనే వస్తాడు, ఆ తరవాత కష్టం పెరుగుతుంది. రాయ్‌పూర్ బంగళాకు నా మెటాడోర్‌లోనే వెళ్ళాం. మంత్రిగారి మాటలు హిందీలో నడిచాయి, నేను తెలుగు చేసి చెబుతున్నాను.

"ఈ ఆటకు యజమాని ఎవరు?" అన్నారు మంగ్లూరామ్‌జీ.

"నేనే సర్. నేనే రాశాను."

మంత్రిగారు పీఏ తివారీజీ వైపు చూశారు. తివారీజీ జాలిగా నవ్వాడు.

"రాసినంత మాత్రాన నీదవుతుందా? మా ఊళ్ళో పొలాల లెక్కలన్నీ పట్వారీ రాస్తాడు. పొలాలు పట్వారీవా?" అన్నారు మంత్రిగారు.

గోవిందరావు తొడ చరిచాడు. "అబ్బ! ఏం పాయింటు లాగేరు సర్!"

"అది కాదండీ," అన్నాడు డేవిడ్‌రాజ్. "పట్వారీ ఉన్న పొలాన్ని రాస్తాడు. నేను లేనిదాన్ని రాశాను."

"లేనిదా?" మంత్రిగారు ముందుకు వంగారు. "లేనిదానికి ఎన్ఓసీ ఎలా ఇమ్మంటావు?"

వ్యవహారం ఎటూ తేలకపోవడంతో మంగ్లూరామ్‌జీ హక్కుల నిర్ధారణ సంఘం వేశారు. అందులో ఒక్కరు కూడా ఆ ఆట ఆడలేదు. ఆడితే పక్షపాతం వస్తుందని తివారీజీ ఏరి ఏరి వేశాడు. ఇంత నిష్పక్షపాతమైన సంఘాన్ని దేశంలో ఇంకెక్కడా చూడబోము.

సంఘం భిలాయిలోనే కూచుంది, నా షామియానా కింద. ముందు గనుల శాఖ అధికారి లేచాడు.

"నేల పైన ఉన్నది ఎవరిదైనా కావచ్చు. నేల కింద ఏమున్నా ప్రభుత్వానిది. ఆట అంతా నేల కిందే కదా?"

"అవునండీ. గాని అది నిజం నేల కాదు కదండీ."

"నిజం కాకపోతే ఇంకా మంచిది. నిర్వాసితులుండరు."

తరవాత అటవీశాఖ ఆయన. రెండో భాగం సాల చెట్ల అడవిలో మొదలవుతుందని ఎవరో చెప్పారట.

"అడవిలోకి అనుమతి తీసుకునే వెళ్ళావా?"

"ఎళ్ళలేదండీ. ఇంట్లో కూచుని రాశాను."

"అక్కడ ఒక ఎలుగుబంటి ఉందట. దాన్ని ఏం చేస్తారు?"

డేవిడ్‌రాజ్ అబద్ధం ఆడే మనిషి కాదు. "కొట్టి చంపొచ్చండీ. తేనె ఇచ్చి తప్పించుకోవచ్చు కూడా. గాని పిల్లలు ఎక్కువగా చంపేసేవారు."

"ఇంతవరకూ ఎన్ని చచ్చి ఉంటాయి?"

"ఒకటేనండీ. అదే మళ్ళీ మళ్ళీ..."

"ఒకే ఎలుగుబంటిని మళ్ళీ మళ్ళీనా!" అటవీశాఖ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. కేసు పెట్టొచ్చనీ, హక్కులు వదులుకుంటే ఆలోచించొచ్చనీ తివారీజీ డేవిడ్‌రాజ్ చెవిలో చెప్పాడు.

రాష్ట్రం విడిపోయినప్పటి ఆస్తుల పంపకం ఇంకా నడుస్తోంది కదా, పాత రాష్ట్రం తరఫున కూడా ఒకాయన సూట్‌కేసు పట్టుకుని దిగాడు. ఆట రాసినప్పుడు రాష్ట్రం ఒకటే కాబట్టి, జనాభా లెక్కన తమ వాటా తమకు రావాలన్నాడు. భోజనాల దాకా వాదించుకుని, మూడో భాగంలో ఉత్తరానికి పోయే సొరంగాలన్నీ వాళ్ళకిచ్చేశారు. గోవిందరావు ఊరుకుంటాడా? రాసినవాడు తెలుగువాడు కాబట్టి మనవాళ్ళకీ ఏదో ఒకటి దక్కాలని పోరాడి, మూడు భాగాలకూ సన్మాన సంఘం అధ్యక్ష పదవి తను తీసుకున్నాడు.

"తమ్ముడూ, నీకోసం కొట్లాడి తెచ్చినాను," అన్నాడు డేవిడ్‌రాజ్‌తో.

"నాకేటి వచ్చింది అన్నయ్యా?"

"నీకు సన్మానం."

సంఘం తీర్పు ఏకగ్రీవం. ఆట ప్రభుత్వానిది, దాన్ని పునరుద్ధరించే గౌరవం మంత్రిగారి బావమరిదిది. ఆయనకు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో బోల్టులు చేసే షెడ్డు ఉంది. ఒక మూల కంప్యూటర్ పెట్టడానికి ఖాళీ కూడా ఉంది. అంతకు మించిన అర్హత సంఘానికి కనబడలేదు.

ఆ రాత్రి డేవిడ్‌రాజ్ మా షాపు ముందు బల్ల మీద కూచున్నాడు. "మూర్తి భయ్యా, డబ్బులు రాకపోతే పోనీ. డబ్బా మీద పేరైనా ఏస్తారంటావా?" అన్నాడు. వేస్తారనే చెప్పాను.

పునరుద్ధరణ ఉత్సవం సెక్టర్ 6 మైదానంలో, మొదట నేను చెప్పిన ప్రకటన ఆ రోజుదే. ఇంటింత తెర కట్టాను. ప్రొజెక్టరు నాగ్‌పూర్ నుంచి వచ్చింది. బావమరిది ఆటకు చేసిన పునరుద్ధరణ ఏమిటంటే, మొదట్లో మంత్రిగారి ఫొటో పెట్టాడు. లోపల ఏం చెయ్యాలో తోచక అక్షరం ముట్టుకోలేదు. డేవిడ్‌రాజ్ పేరు మాత్రం తీసేశాడు, అది తియ్యడం తేలికట. జనం విరగబడి వచ్చారు. చిన్నప్పుడు ఆడినవాళ్ళంతా పెళ్ళాంపిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. డేవిడ్‌రాజ్, లిల్లీ చివరి వరసలో కూచున్నారు. వేదిక మీద చోటు లేదు, హక్కుదారులతోనే నిండిపోయింది.

మంగ్లూరామ్‌జీ స్వయంగా ఆట మొదలుపెట్టారు. ఆయన చెబుతుంటే తివారీజీ కొడుతున్నాడు. దీపం వెలిగించారు, కిందికి దిగారు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"ఎడమ పక్క ఖజానా మెరుస్తోంది. కుడి పక్క కూలిన రాళ్ళ వెనక కూలీల గొంతులు వినిపిస్తున్నాయి."

"ఖజానా తీసుకో," అన్నారు మంత్రిగారు, క్షణం ఆలోచించకుండా.

"పైకప్పు కూలింది. మీరు చచ్చిపోయారు. సమాప్తం."

మైదానం నవ్వింది. మంత్రిగారు కూడా నవ్వి, మళ్ళీ మొదలుపెట్టమన్నారు. దీపం, మెట్లు, ఖజానా, గొంతులు.

"ఈసారి తొందరగా తీసుకో!"

"పైకప్పు కూలింది. మీరు చచ్చిపోయారు. సమాప్తం."

వెనకనుంచి ఎవరో కేకేశారు. "పహ్లే మజ్దూర్ కో నికాలో!" ముందు కూలీలను బయటికి తియ్యమని. ఇంకో పక్కనుంచి ఇంకొకరు. తరవాత మైదానమంతా ఒకటే అరుపు. ఆ ఆట ఆడి పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, కూలీలను విడిపిస్తేనే వాళ్ళు పైకప్పుకి దుంగలు నిలబెడతారు. మంత్రిగారు చెయ్యెత్తి అందరినీ ఊరుకోమని, "వాళ్ళను తరవాత చూద్దాం. ముందు సగం ఖజానా తీసుకో," అన్నారు.

ఎన్నోసార్లు చచ్చిపోయాక ఆయన ముఖం ఎర్రబడింది. "మంత్రిని చంపే ఆట ఎవడిది?" అన్నారు నా మైకులో.

వేదిక మీద హక్కుదారులు ఒకరినొకరు చూసుకున్నారు. గనుల శాఖ ఆయన తమది నేల మాత్రమే అన్నాడు. అటవీశాఖ ఆయన ఎలుగుబంటి మాత్రమే అన్నాడు. పాత రాష్ట్రం ఆయన ఉత్తరపు సొరంగాల మాట ఎత్తకుండా సూట్‌కేసు సర్దుకున్నాడు. బావమరిది కనిపించలేదు. గోవిందరావు చివరి వరస వైపు వేలు చూపించాడు. "సర్, అదిగో, డేవిడ్‌రాజ్. మొత్తం ఆయనదే. మొదట్నించీ ఆయన అదే చెప్తున్నాడు."

మంత్రిగారు మైకు పట్టుకుని గర్జించారు. "ఈ ఆటతో ప్రభుత్వానికి ఏ సంబంధమూ లేదు! దీని యజమాని డేవిడ్‌రాజ్ ఒక్కడే!"

మైదానం దద్దరిల్లేలా చప్పట్లు. మావాళ్ళు అది న్యాయం అనుకున్నారు. లిల్లీ లేచి నిలబడి రెండు చేతులూ జోడించి ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోను.

చప్పట్లు విన్నాక ఊరుకునే మనిషి కాదు మంగ్లూరామ్‌జీ. కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ముఖం వెలిగింది. "అవును! ఈ ఆటను ఆ పేద కళాకారుడికి నా చేతులమీదుగా కానుకగా ఇస్తున్నాను! పట్టా ఇప్పుడే ఇస్తాను!" ఇళ్ళస్థలాల పంపిణీకని తెచ్చిన పట్టాలు తివారీజీ సంచీలో ఎప్పుడూ ఉంటాయి. ఒకదాని మీద 'స్థలం' అన్నచోట 'ఆట' అని దిద్ది సంతకం చేయించాడు. డేవిడ్‌రాజ్‌ను పిలిచి దండ వేశారు. తన సొత్తును తనే రెండు చేతులతో అందుకుని, వంగి దండం పెట్టాడు. ఫొటోలు తీశారు.

వేదిక దిగాక లిల్లీ తివారీజీని అడిగింది. "ఇంక హైదరాబాదు వాళ్ళకి ఇచ్చేసుకోవచ్చు కదండీ?"

"ఎలా ఇస్తారు దీదీ? ప్రభుత్వ పట్టా కదా. అమ్మకూడదు, కౌలుకివ్వకూడదు, చేతులు మార్చకూడదు. మీరూ, మీ తరవాత మీ వారసులూ స్వయంగా అనుభవించవచ్చు."

"అనుభవించడమంటే ఏటండీ?"

"ఇంట్లో కూచుని ఆడుకోవచ్చు. ఎంతసేపైనా."

"పోనీ, నాలుగో భాగం?" అన్నాడు డేవిడ్‌రాజ్. "అది ఎవరికీ చూపించలేదు కదండీ."

"అది మిగతా మూడింటి మీద వేసిన మేడ. కింద ఉన్నది పట్టా భూమి. మేడ ఒక్కటే ఎలా అమ్ముతారు?"

"మాది మాకిచ్చి, మమ్మల్నే అమ్ముకోవద్దంటారేటి బావూ!" అంది లిల్లీ.

"మీ రక్షణ కోసమే దీదీ. పేదవాళ్ళకిచ్చిన ఆస్తి పెద్దవాళ్ళు కొనేస్తారు. మంత్రిగారికి అదే భయం."

నాకు ఒళ్ళు మండిపోయి మైకు పీకేశాను. అప్పటికి పైన మంత్రిగారి ప్రసంగం నడుస్తూనే ఉంది. ఆయన గొంతుకు మైకు అవసరం లేదని ఆ రోజు తెలిసింది.

హైదరాబాద్ కంపెనీవాళ్ళు మంచివాళ్ళు. పట్టా సంగతి డేవిడ్‌రాజ్ ఫోనులో చెబితే నిజంగానే విచారించారు. చిక్కు లేని ఆట ఏదైనా ఉంటే చెప్పమన్నారు. ఉంది. మంత్రిగారి బావమరిది బోల్టుల షెడ్డులోనే తయారయింది. పేరు 'నవ గని'. దీపావళికి హైదరాబాద్ వాళ్ళే దాన్ని సీడీగా తెచ్చారు, డబ్బా మీద బావమరిది పేరు పెద్దక్షరాలతో ఉంది. నేనూ ఒకటి కొని ఆడి చూశాను. అందులో కూలీలు లేరు. ఖజానా గుమ్మంలోనే ఉంటుంది. ఆడినవాళ్ళలో ఇంతవరకూ ఎవరూ ఓడిపోలేదట.