ఎండ తగలని ఫైనల్

ఆదివారం పొద్దున లేవగానే సైలస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి వెళ్లిరావడం, భోజనం చేయడం, నాలుగింటికి ఫైనల్ మ్యాచ్ మొదలుపెట్టడం, అది చూసి ముచ్చటపడిన ఓంప్రకాశ్ వచ్చే ఏడాదికి కూడా తానే స్పాన్సర్‌నని ప్రకటించడం. వీటిలో మొదటిది మాత్రమే అనుకున్నట్టు జరిగింది. భోజనం సాంబారు దాకా వచ్చి ఆగిపోయింది.

సైలస్ ఒకప్పుడు బేగంపేటలో ఒక ఆఫీసులో లెక్కలు చూసేవాడు. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడాడు. మనిషికి అలాంటి గతం ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బయటపడక మానదు. సైలస్ విషయంలో అది ఉద్యోగం మానేసి, సైనిక్‌పురిలో తానుండే కాలనీ గ్రౌండ్‌లో లీగ్ పెట్టడం రూపంలో బయటపడింది. జట్లు ఫీజు కట్టాలి, దుకాణాలవాళ్లు బ్యానర్లు కట్టాలి, జనం చూడటానికి రావాలి. ఇదీ వ్యాపారం. జట్లు ఫీజు కట్టాయి. దుకాణాలవాళ్లు బ్యానర్లూ కట్టారు. జనం మాత్రం రాలేదు. ఆడేవాళ్ల అమ్మలు వచ్చేవారు గానీ, తమవాడిని తీసి బయట కూర్చోబెట్టగానే వాళ్లూ లేచి వెళ్లిపోయేవారు. దాంతో స్పాన్సర్లు ఒక్కొక్కరే జారుకుని చివరికి పరుపుల దుకాణం ఓంప్రకాశ్ ఒక్కడే మిగిలాడు.

ఆయన కూడా మొన్న తేల్చి చెప్పేశాడు. "ఖాళీ గ్రౌండ్‌ల నా బ్యానర్ ఎవరు చూస్తరు సైలస్ సాబ్, కాకులా? ఫైనల్‌కు నేనే వస్త. పబ్లిక్ ఉంటే వచ్చే సాల్ సుత నేనే. లేకుంటే మాఫ్ చెయ్యి."

ఈ సంగతి సైలస్ భార్య ప్రేమమణి చెవిన పడింది. ఆమె బడిలో లెక్కల టీచరు, అనవసరంగా మాట్లాడదు. "మా అన్నయ్య కోచింగ్ సెంటర్లో అడ్మిషన్లు చూసే ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందండీ" అని మాత్రం గుర్తుచేసింది. ఆ అన్నయ్య పేరు జకర్యా. ఆయన దగ్గర ఉద్యోగమంటే పని తక్కువ, సుద్దులు ఎక్కువ. లీగ్ మూతపడితే తన మిగతా జీవితమంతా బావమరిది ఎదురుగా కూర్చుని తలాడించాల్సి వస్తుందని తలుచుకున్నప్పుడల్లా సైలస్ లేచి గ్రౌండ్‌కు వెళ్లి మిగిలిన ఒక్క బ్యానర్‌నూ సరిచేసి వచ్చేవాడు.

జనం ఎందుకు రావడం లేదని అతను తీవ్రంగా ఆలోచించాడు. ఎండ అని తేల్చుకున్నాడు. ఆట బాగాలేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు గానీ, దానికి టెంట్ హౌస్‌లో మందు దొరకదు. అందుకని టెంట్ హౌస్ రాములుకు ఫోన్ చేశాడు.

"గ్రౌండ్‌ల ప్రోగ్రాం ఉంది రాములూ. షామియానా, కుర్చీలు, మైకు పెట్టాలె. ఎవ్వరికీ ఎండ తగలొద్దు."

"మీరు పరేషాన్ కాకుండ్రి సార్. ఎండను లోపలికి రానియ్య."

రాములు మాట నిలబెట్టుకున్నాడు. చర్చి నుంచి తిరిగొచ్చి చూస్తే, షామియానా కోర్టు మొత్తాన్నీ కప్పేసి ఉంది. రెండు వైపులా ఉన్న బాస్కెట్‌బాల్ స్తంభాలకే తాళ్లు కట్టారు. బోర్డుల మీదుగా లాగిన గుడ్డ నడిమధ్యకు వచ్చేసరికి చెయ్యెత్తితే అందేంత కిందికి వేలాడుతోంది. అది ఇంకా కిందికి రాకుండా సెంటర్ సర్కిల్‌లో ఒక ఇనుప గుంజ నిలబెట్టారు. కోర్టు నిండా వరసగా కుర్చీలు. ఒక చివర వేదిక, దాని మీద ఎర్ర సోఫా, బల్ల, బల్ల మీద పూల కుండీ. రెండు రింగులకీ చెరొక గాజు దీపాల ఝూమర్ వేలాడుతోంది.

"కోర్టు మీద ఎందుకేసినవ్ రాములూ?" అన్నాడు సైలస్.

"మీరే అన్నరు గద సార్, ఎవ్వరికీ ఎండ తగలొద్దని. చూసెటోళ్లదేముంది, కూసునే ఉంటరు. ఎండల ఉరికెటోళ్లకే గద అసలు తక్లీఫ్."

ఆ మాటకొస్తే ఆటగాళ్ల గురించి అంత దయగా ఆలోచించిన మనిషి ఆ లీగ్ పుట్టాక ఇంకొకడు లేడు.

"మరి బాల్ ఎట్ల వేస్తరు?"

రాములు పైకి చూశాడు. "జెర కిందికెళ్లి వేసుకోమనుండ్రి."

"తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

"పోరగాండ్లు బండి తీస్కొని పెండ్లి పనికి పోయిండ్రు సార్. పొద్దుగూకేటాల్లకు వస్తరు. నేనొక్కణ్నే ఒక్క తాడు ఇప్పిన్ననుకోండ్రి, మొత్తం నా నెత్తి మీదనే."

సైలస్ ముందు వరసలో ఒక కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపు వచ్చింది. రాములు చాయ్‌కు వెళ్లాడు, చుట్టూ ఎవరూ లేరు కాబట్టి కొంచెం ఏడ్చాడు కూడా. అలా కళ్లు తుడుచుకుంటుండగా ధర్మరాజు వచ్చాడు.

ధర్మరాజు సైన్యంలో సుబేదారుగా రిటైరై, కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఏటేటా సర్వసభ్య సమావేశం పెట్టి ఎన్నికలు జరపాలని సంఘం నిబంధన. ఆయన గెలిచిన ఏడాది తర్వాత ఆ సమావేశం మళ్లీ జరగలేదు. ఎండలనో, వానలనో, పిల్లల పరీక్షలనో వాయిదా వేస్తూ వచ్చాడు. సంఘం అంటూ ఉన్న ఏ కాలనీలోనైనా ఆదివారం నాడు గ్రౌండ్‌లో షామియానా, మైకు, సోఫా కనిపించాయంటే అర్థం ఒక్కటే. అధ్యక్షుడికి ఆ అర్థం అందరికంటే ముందు తడుతుంది.

"ఈ మీటింగ్ ఎవరు పెట్టిండ్రు?"

"మీటింగ్ కాదు సార్. బాస్కెట్‌బాల్ ఫైనల్."

ధర్మరాజు సోఫా చూశాడు, పూల కుండీ చూశాడు, ఝూమర్లు చూశాడు. కుర్చీల వరసల మధ్య అటూ ఇటూ నడిచి వాటిని లెక్కపెట్టాడు. "సైలస్, నువ్వు మంచోనివి. నీకు అబద్ధమాడ రాదు. ఆ శ్యామలమ్మే గద నీతోని ఇదంతా చేయిస్తున్నది. నన్ను దింపుతదట్నా? కానియ్యి. మావోళ్లు సుత వస్తరు."

వెళ్లిపోతున్న ఆయన్ని వెనక్కి పిలుద్దామని సైలస్ నోరు తెరిచాడు. అంతలో ఆ "వస్తరు" అన్న మాట బుర్రలోకి ఎక్కింది. ఆ గ్రౌండ్‌కు వస్తామని ఎవరైనా అనడం అదే మొదటిసారి. తెరిచిన నోరు మూసుకున్నాడు. తర్వాత జరిగినదానికంతటికీ రాములును తిట్టడం అన్యాయం. ఆ నోరు మూసుకున్నది సైలసే.

గ్రౌండ్‌కు ఎదురిల్లే శ్యామలమ్మది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఎన్నికలు ఎప్పుడని ధర్మరాజును కనిపించినప్పుడల్లా అడిగేది ఆమే. బాల్కనీలోంచి ఆమెకు ఇందాకే షామియానా కింద అధ్యక్షుడు కుర్చీలు లెక్కపెట్టుకుంటూ కనిపించాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా దిగివచ్చింది.

"ఎవరికీ చెప్పకుండా మీటింగ్ పెట్టి, మళ్లీ తానే ప్రెసిడెంటు అనిపించుకుందామనా సైలస్?"

"అందరూ రావచ్చు మేడం. నాలుగింటికి" అన్నాడు సైలస్. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

"ఎందుకు రాము? కాలనీ మొత్తాన్నీ తీసుకొస్తా."

మధ్యాహ్నం సాంబారు వడ్డిస్తూ ప్రేమమణి అంతా విన్నది. "వాళ్లకి ఉన్న మాట చెప్పేయండి."

"చెప్పిన ప్రేమా. నమ్మలే."

"రెండోసారి చెప్పారా?"

సైలస్ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

నాలుగింటికి కుర్చీలన్నీ నిండిపోయాయి. వెనక నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. గుంజకు ఒకవైపు ధర్మరాజు మనుషులు, రెండోవైపు శ్యామలమ్మ మనుషులు. మంచినీళ్లు, కుక్కలు, అడ్డంగా పెట్టిన కార్లు, ఒకరి ఇంటి ముందు మాత్రమే వేసిన స్పీడ్‌బ్రేకర్, ఇలా ఇన్నేళ్లుగా దాచుకున్నవన్నీ ఒక్కసారే బయటికి వచ్చాయి. ఫైనల్ ఆడాల్సిన రెండు జట్లూ జెర్సీలు వేసుకుని గోడవారన నిలబడ్డాయి. రిఫరీ మెడలో విజిల్ ఉంది గానీ, అంత గోలలో ఊదినా వినేవాడు లేడు.

సరిగ్గా అప్పుడు ఓంప్రకాశ్ వచ్చాడు. ఆ జనాన్ని చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"కమాల్ చేసినవ్ సైలస్ సాబ్. గింత జోషా? మరి ఆట ఏది?"

"హాఫ్ టైం సార్."

"స్కోర్ ఎంత?"

ధర్మరాజు మనిషి ఒకడు కుర్చీ ఎక్కాడు. వెంటనే శ్యామలమ్మ మనిషి ఇంకో కుర్చీ ఎక్కాడు.

"బరాబర్ ఉంది సార్" అన్నాడు సైలస్.

ఓంప్రకాశ్ నేరుగా వెళ్లి వేదిక మీది సోఫాలో కూర్చున్నాడు. ముఖ్య అతిథి ఇంకెక్కడ కూర్చుంటాడు? ఆయన వెనక ఆయన బ్యానరే ఉంది: ఓంప్రకాశ్ పరుపులు, పడుకుంటే తెల్లారాల్సిందే. తెల్ల సఫారీలో ఉన్న కొత్త మనిషి మైకు పక్కన కనబడగానే గోల తగ్గింది. ఎన్నికలు జరిపించడానికి వచ్చిన ఆఫీసరు అనుకున్నారు. అవతలివాళ్లు తెచ్చారని ఇవతలివాళ్లూ, ఇవతలివాళ్లు తెచ్చారని అవతలివాళ్లూ అనుకున్నారు.

"మీరే చెప్పండి సార్. ఇదంతా న్యాయంగా నడవాలంటే ఎవరు చూసుకోవాలి?" అని శ్యామలమ్మ లేచి అడిగింది.

తనను ఉపన్యాసం ఇమ్మంటున్నారనుకుని ఓంప్రకాశ్ మైకు అందుకున్నాడు. "నాకు మీ రూల్స్ తెల్వయ్. గాని గీ సైలస్ సాబ్ లేకుంటె మీరందరు గిట్ల ఒక్క దగ్గర కూసుంటుండ్రా? ఏదున్నా ఆయన చేతులనే పెట్టుండ్రి."

రెండు పక్షాలూ సైలస్ వైపు చూశాయి. ఇతను వాళ్ల మనిషి కాదు, మన మనిషీ కాదు. ఉద్యోగం లేదు, బోలెడంత తీరిక ఉంది. కాసేపట్లో అంతా కుదిరిపోయింది. ధర్మరాజు అధ్యక్షుడు, శ్యామలమ్మ ఉపాధ్యక్షురాలు, పనులు చేయడానికి కార్యదర్శి సైలస్. సైలస్ వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. అది వినయం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగకముందే శ్యామలమ్మ మొదటి తీర్మానం పెట్టింది. "ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ బాల్ మోతకి మనిషికి కునుకు పట్టట్లేదు. అది ఆగాలి."

"గీ ఒక్కటి మాత్రం మేడం కరెక్టు చెప్పింది" అన్నాడు ధర్మరాజు. "పైగా అదొక వ్యాపారమట. కాలనీ జాగల వ్యాపారమేంది?"

ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం కాలనీలో ఎవరూ చూసి ఎరగరు. చేతులన్నీ పైకి లేచాయి. సైలస్ ఆశగా వేదిక వైపు చూశాడు. ఓంప్రకాశ్ చెయ్యి కూడా లేచే ఉంది.

సైలస్ పరుగున వెళ్లి ఆయన చెవిలో చెప్పాడు. "సార్, వాళ్లు బంద్ చేస్తున్నది మన లీగే."

"తెలుస్తుంది సాబ్. గాని నిద్ర పాడైతదంటుండ్రు. పరుపులమ్మెటోణ్ని, నిద్రకు ఎదురెట్ల నిలబడ్త?" ఓంప్రకాశ్ జనం వైపు తృప్తిగా చూశాడు. "నువ్వు రంది పడకు. వచ్చే సాల్ గీ మీటింగ్‌కు షామియానా, చాయ్ అంతా నాదే. బ్యానర్ మాత్రం గిక్కడ్నే ఉండాలె."

చీకటి పడుతుండగా రాములు మనుషులు వచ్చి షామియానా విప్పారు. కోర్టు మళ్లీ కోర్టులా కనిపించింది గానీ ఆడటానికి వెలుతురు లేదు. కప్పు ఎవరిదో టాస్ వేసి తేల్చుకుని జట్లు ఇళ్లకు వెళ్లిపోయాయి. సైలస్ ఖాళీ గ్రౌండ్‌లో, ఝూమర్ తీసేసిన రింగు కింద నిలబడ్డాడు. ఇన్నాళ్లూ జనం రాలేదని ఏడ్చాడు. తీరా వచ్చిన జనమే లీగ్‌ను మూసేశారు. ప్రేమమణి వచ్చి పక్కన నిలబడింది. ఎగతాళి చేయలేదు, అన్నయ్య మాట ఎత్తలేదు, భుజం మీద చెయ్యి వేసింది. అతనికి అదే ఎక్కువ బాధగా అనిపించింది.

తీర్మానాన్ని అమలు చేయాల్సింది కార్యదర్శి. మర్నాడు సైలస్ ఆ హోదాలో కూర్చుని, కాలనీ స్థలంలో వ్యాపారం ఎందుకు చేస్తున్నారో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలంటూ లీగ్ యజమాని సైలస్‌కు నోటీసు రాశాడు. సంతకం పెట్టి, ఇంటికి తీసుకువెళ్లి తానే అందుకున్నాడు. వారం గడిచాక ధర్మరాజు, శ్యామలమ్మ కలిసి వచ్చి ఆ విషయం ఏమైందని అడిగారు.

యజమాని ఇంకా జవాబివ్వలేదనీ, మనిషి మొండివాడిలా ఉన్నాడనీ కార్యదర్శి చెప్పాడు.