మెరక మీదికి చేరిన పరుపులు

ఆ రోజు ఉదయం సరిగ్గా తొమ్మిది గంటలకు వరద రావాలని దూదిబాబుగారు నిర్ణయించారు. ఎనిమిదిన్నరకు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, వరద కోసం హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆయనకు రెండు వీధుల అవతల పరుపులు కుట్టే కార్ఖానా ఉంది. పాతికేళ్ళుగా దూది మధ్య బతకడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. ఈమధ్య పెద్దాసుపత్రి నుంచి నాలుగు వందల పరుపుల బేరం గుమ్మం దాకా వచ్చి, ఒక షరతు దగ్గర ఆగింది. "వరదలొచ్చినా, గాలివానలొచ్చినా మాకు పరుపులు ఆగకూడదండీ. అలాంటప్పుడు పని ఎలా నడిపిస్తారో కాగితం మీద రాయండి. రాసింది ఒకసారి చేసి చూపించండి" అంది ఆసుపత్రి కొనుగోళ్ళ అధికారిణి. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు.

దూదిబాబుగారు నెల రోజులు కూర్చుని నలభై పేజీలు రాశారు. దాని సారాంశం ఇది. వరదొస్తే యజమాని గుమస్తాకు ఫోన్ చేయాలి. గుమస్తా కుట్టుపని చూసే పెద్దక్కకు, పెద్దక్క వ్యాను డ్రైవరుకు, డ్రైవరు మెరక మీద కలప గోదాం నడిపే యజమానిగారి బావమరిదికి చెప్పాలి. బావమరిది తిరిగి యజమానికి చెబితే గొలుసు పూర్తి. ఈలోగా సరుకూ మిషన్లూ గోదాంకు చేరాలి. మూడో రోజుకల్లా అక్కడ కుట్టు మొదలవ్వాలి. అది చూడటానికి అధికారిణి పదింటికి గోదాంకు వస్తానంది. ఎవరు ఎవరికి చెప్పాలో, ఎక్కడికి చేరాలో అందరికీ ఎప్పుడో నేర్పారు గానీ, ఆ రోజే అభ్యాసమని పనివాళ్ళకు ముందుగా ఒక్క ముక్క కూడా తెలియనివ్వలేదు. ఇంట్లో భార్యకూ చెప్పలేదు.

తొమ్మిది కొట్టగానే గుమస్తాకు ఫోన్ చేసి, కాగితం చూసి చదివారు. "ఇది అభ్యాసమే. మన వీధిలోకి మోకాళ్ళ లోతు నీళ్ళు వచ్చాయనుకోండి. సరుకు మెరకకు చేర్చండి."

"అహ్హాగే" అంది అవతలి గొంతు.

గుమస్తాకు ముందురోజు సాయంత్రం దవడపన్ను పీకారన్న సంగతి దూదిబాబుగారికి తెలియదు. ఆ పన్ను ఉండాల్సిన చోట ఇప్పుడు గుప్పెడు దూది ఉంది. పాపం విధేయుడు, నోట్లో దూదితోనే పెద్దక్కకు ఫోన్ చేసి అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. "ఇహి అహ్హాహమే" అన్నది పెద్దక్క చెవికి "ఇది మహానాశనమే" అని చేరింది. ఆ తరువాత నీళ్ళు, మోకాళ్ళు, మెరక అన్న మాటలు మాత్రం ఆవిడకు స్పష్టంగా వినిపించాయి. పైగా మాట్లాడుతున్న మనిషి ఏడుస్తున్నాడనుకుంది.

"గుమస్తాగారు వలవలా ఏడుస్తున్నారు. వరదొచ్చేసింది, మహానాశనమట!" అని డ్రైవరుకు చెప్పింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా డ్రైవరు అనుభవజ్ఞుడు. "వాన లేకుండా వరదొచ్చిందంటే పైన డ్యాము గేట్లు ఎత్తేసుంటారు" అని కారణం కూడా తనే కనిపెట్టి, కారణంతో సహా బావమరిదికి చేరవేశాడు. బావమరిదిది గోరంతను కొండంత చేసే నోరు. మోకాళ్ళ లోతును నడుముల్లోతు చేసి, ప్రణాళిక ప్రకారం బావకు చేయాల్సిన ఫోన్, కంగారులో తన సొంత అక్కకు చేశాడు.

తొమ్మిదిన్నరకు దూదిబాబుగారి భార్య వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏవండీ, లేవండి! వరదట! తమ్ముడు ఫోన్ చేశాడు!"

దూదిబాబుగారు చిద్విలాసంగా నవ్వారు. "కంగారు పడకు. అది నేను పంపిన వరదే."

"మీరు పంపడమేంటండీ?"

ఆయన కాగితం చూపించి విషయం చెప్పారు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని వింది. "అయితే డ్యాము గేట్లు ఎత్తారని కూడా మీరే రాశారా?"

"గేట్లా? నేను గేట్ల జోలికే పోలేదే!"

"నడుముల్లోతు నీళ్ళని రాశారా?"

"లేదు. మోకాళ్ళ వరకే రాశాను."

"మరి నడుముల్లోతు వచ్చాయటగా!"

దూదిబాబుగారు కాగితం మళ్ళీ చదువుకున్నారు. ఎక్కడా గేట్లు లేవు. ఆయన ముఖంలో రంగు మారింది. "అయితే ఇది నా వరద కాదే! నిజం వరదే!"

గుమస్తాకు ఫోన్ చేశారు, ఎంగేజ్. పెద్దక్కకు చేశారు, ఎంగేజ్. ఊళ్ళో ప్రతివాడూ మరొకడికి వరద గురించి చెబుతున్నాడు మరి. కిటికీలోంచి చూస్తే మంగలి తన తిరుగుడు కుర్చీని నెత్తిన పెట్టుకుని మెరకవైపు పరుగెత్తుతున్నాడు. ఇంక సందేహమేముంది?  విపత్తులో యజమాని ప్రశాంతంగా ఉండి, ఫైలు తీసుకుని గోదాంకు చేరాలని పదకొండో పేజీలో ఆయనే స్వయంగా రాసుకున్నారు. ఇప్పుడు ఫైలు బల్ల మీద, కళ్ళజోడు ఫైలు మీద వదిలేసి, చేతికందిన తలగడ ఒకటి చంకలో పెట్టుకుని డాబా మీదికి పరుగెత్తారు. డాబా కూడా చాలదనిపించి, నిచ్చెన వేసుకుని నీళ్ళ ట్యాంకు ఎక్కారు. ఎక్కే కంగారులో కాలు తగిలి నిచ్చెన కింద పడింది. వెనకాలే వచ్చిన భార్య దాన్ని ఎత్తబోయి, బరువుకు వదిలేసింది.

"నువ్వూ పైకి రా!"

"ఎలా రమ్మంటారు, ఎగిరా?"

ట్యాంకు మీంచి ఆయన వీధివైపు చూశారు. కళ్ళజోడు లేదు కాబట్టి అంతా మసకమసకగా ఉంది. అయినా కింద ప్రహరీ గోడ అంచు మీదుగా ఏదో తెల్లగా కదిలిపోవడం కనిపించింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక బారులు తీరి పది. తన పరుపుల్ని ఆయన కళ్ళు మూసుకుని కూడా గుర్తుపట్టగలరు.

"పోయాయే! మన పరుపులన్నీ తేలిపోతున్నాయే! నీళ్ళు గోడెత్తు వచ్చేశాయి!" అని గొల్లుమన్నారు. ఆసుపత్రి బేరం, పాతికేళ్ళ కష్టం, అన్నీ వరసగా కళ్ళముందు కొట్టుకుపోయాయి. పనివాళ్ళు ఏమయ్యారో అన్న ఆలోచన వచ్చేసరికి మాత్రం ఏడుపు కూడా ఆగిపోయింది. తలగడను గుండెకు అదుముకుని గంటసేపు ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ కూర్చున్నారు.

భార్య ఓపిక ముందుగా అయిపోయింది. "గోడెత్తు నీళ్ళొస్తే చప్పుడన్నా ఉండాలి కదండీ. స్టవ్ మీద పాలు పెట్టొచ్చాను" అంటూ మెట్లు దిగింది. వీధి తలుపు తీసింది. రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములో ఆటో ఆగింది. గోదాంలో యజమాని కనపడక వెతుక్కుంటూ వచ్చిన ఆసుపత్రి అధికారిణి, పెద్దక్క దిగారు.

ముగ్గురూ డాబా ఎక్కేసరికి ట్యాంకు మీద యజమాని, ఆయన ఒళ్ళో తలగడ దర్శనమిచ్చాయి. అధికారిణి గొంతు సవరించుకుంది. దూదిబాబుగారు కళ్ళు చికిలించి కిందికి చూశారు.

"అమ్మా! ఇంత వరదలో ఈదుకుంటూ వచ్చారా?"

"ఆటోలో వచ్చానండీ."

నిచ్చెన వేసి ఆయన్ని దించారు. కళ్ళజోడు పెట్టాక లోకం మొత్తం ఒక్కసారిగా పొడిబారింది. అప్పుడు పెద్దక్క జరిగినదంతా చెప్పింది. తొమ్మిదీ ఇరవైకల్లా పనివాళ్ళంతా కార్ఖానాకు పరుగెత్తుకొచ్చారట. వ్యాను ఒక్క విడతకే నిండిపోతే, మిగిలిన పరుపులు నెత్తిన పెట్టుకుని ఈ వీధి మీదుగానే నడిచారట. మిషన్లు విప్పి, మోసి, గోదాంలో బిగించారట.

"మరి మీ ఇళ్ళలో సామాన్లు?" అని అడిగారాయన.

"మాది పై అంతస్తు కదా సార్. మీ పరుపులే కదా నేల మీదున్నాయి" అంది పెద్దక్క, అదేదో లెక్కల సంగతి అయినట్టు. "నీళ్ళు రాలేదని తెలిశాక తిట్టుకున్నాం లెండి. కానీ మిషన్లు బిగించేశాం గదాని కుట్టడం మొదలుపెట్టాం. ఇప్పటికి రెండు పరుపులయ్యాయి."

 దూదిబాబుగారు తలగడ పక్కన పెట్టి, అధికారిణికి చేతులు జోడించారు. "అమ్మా, దాచడం దేనికి? ఇదంతా నేను రాసింది కాదు. నేను రాసిన ప్రకారం ఒక్కటీ జరగలేదు. వీళ్ళందరూ నిజం వరదే అనుకున్నారు. చివరికి నేను కూడా అనుకున్నాను. ఆర్డరు సంగతి మీ ఇష్టం."

ఆవిడ వాచీ చూసుకుని, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. వెళుతూ మెట్ల దగ్గర ఒకసారి ట్యాంకువైపు చూసి పెదవి బిగబట్టిందని, భుజాలు మాత్రం ఊగాయని దూదిబాబుగారి భార్య ఇప్పటికీ చెబుతుంది.

నాలుగో రోజున ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు వందలు కాదు, ఆరు వందల పరుపులకు ఆర్డరు. దూదిబాబుగారు పనివాళ్ళందరినీ పిలిచి గట్టిగా చదవడం మొదలుపెట్టారు. మూడో రోజుకు మొదలవ్వాల్సిన పని గంటన్నరలో మొదలైందనీ, ఇంత సన్నద్ధత ఏ సంస్థలోనూ చూడలేదనీ అందులో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గర్వంగా రెండో పేజీ తిప్పి, చదవబోయి, ఆగిపోయారు. పెద్దక్క ఆయన చేతిలోంచి ఉత్తరం తీసుకుని మిగతాది పూర్తి చేసింది.

"విపత్తు సమయంలో యజమానిని ట్యాంకు మీద ఉంచే ఏర్పాటు చాలా బాగుంది. దీన్ని ఇకముందు కూడా కొనసాగించగలరు."