గ్యాలరీ కప్పెక్కిన చొక్కాలు

ఆ ఉదయం రోబోటిక్స్ టీము కెప్టెన్ వేసుకున్న పథకం చిన్నదే. గాలితో టీషర్టులు విసిరే ఫిరంగిని ఒక్కసారి పేల్చి చూసుకోవడం, ప్రిన్సిపాల్ వచ్చేసరికి చేతులు కడుక్కుని బుద్ధిగా నిలబడటం. టీషర్టు ఆటస్థలం గ్యాలరీ చివరి వరుసలో పడితే వర్క్‌షాపు గది టీముది. పడకపోతే గదిలో విరిగిన కుర్చీలు పెట్టించి తాళం వేస్తానని ఆయన తేల్చి చెప్పేశారు. గది పోతే టీము పోయినట్టే. పాపం, ఆ పిల్లకు వారం రోజులుగా అన్నం సహించడం లేదు.

ఫిరంగికి గొట్టం బిగించిపెట్టిన ప్లంబరు బాబాయి వాల్వు తిప్పాడు. టీషర్టు చివరి వరుస దాటి, గ్యాలరీ రేకుల కప్పు మీద పడింది.

"నిచ్చెన తేనా బాబాయ్?"

"పాత రేకులమ్మా, మనిషెక్కితే విరుగుతాయి. ఇంకోటి కొట్టు, అది తగిలి పైనున్నది జారుతుంది."

రెండోది వెళ్లి మొదటిదాని పక్కన హాయిగా పడుకుంది. మూడోది వాటికి తోడు పోయింది. కాస్త గాలి తగ్గిస్తే చివరి వరుసలోనే పడుతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. పైవాటిని దించాలన్న పంతం అందరి నెత్తికీ ఎక్కేసింది. టీషర్టులన్నీ అయిపోయాక బాబాయి తన చొక్కా విప్పి చుట్టడం మొదలుపెట్టాడు.

"వద్దు బాబాయ్, పిన్ని నన్ను చంపేస్తుంది!"

"మీ పిన్ని కొన్నదే. ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్నా."

అదీ కప్పెక్కి వదిలింది. బాబాయి బనియన్‌తో మిగిలాడు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ వచ్చి కప్పు వంక చూశారు, బనియన్ వంక చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"అన్నీ పైనున్నాయి సార్, కొట్టి దించుదామని..." అంది కెప్టెన్.

తిడతారనుకుంటే, ఆయన వంగి ఒక కన్ను మూసి గొట్టం వాలు చూశారు. లెక్కలు చెప్పిన మనిషి, ఊరుకోలేకపోయారు.

"ఇంత నిలువుగా పెడితే కప్పెక్కక ఏం చేస్తుంది? అయినా ఈ తేలిక బట్టలకు అవి కదుల్తాయా? బరువుండాలి. తప్పుకోండి!" అంటూ కోటు విప్పి, తనే చుట్టి, గొట్టంలో కూరి వాల్వు తిప్పారు.

కోటు దర్జాగా ఎగిరి చొక్కాలన్నిటినీ కప్పేసింది. బాబాయి చప్పట్లు కొట్టబోయి మానుకున్నాడు.

ప్రిన్సిపాల్ ముఖం కందగడ్డ అయింది. "చివరి వరుసలో ఒక్కటీ పడలేదు. మాటంటే మాటే. పదండి, గదికి తాళం వేస్తాను."

కెప్టెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. గది ముందు ఆయన తాళంకప్ప కోసం జేబు తడుముకున్నారు. జేబు లేదు. జేబున్న కోటు గ్యాలరీ కప్పు మీద ఎండ కాగుతోంది.

"ముందు ఆ కోటు దింపే రోబో ఏదైనా చేయండి!" అని అరిచారాయన.

"ఎక్కడ చెయ్యమంటారు సార్?" అంది కెప్టెన్, ముక్కు తుడుచుకుంటూ.

"ఎక్కడేంటి, ఈ గదిలోనే!"

ఆ రోబో ఇంకా తయారవుతూనే ఉంది. టీములో ఎవరికీ తొందర లేదు.