వరుసగా ఏడు సున్నాలు

సోమవారం ఉదయం మాస్టారు గేటు దాటగానే, ఆయన భార్య వంటింటి గోడకున్న క్యాలెండరు దించి, దాని వెనకవైపు గళ్ళు గీయడం మొదలుపెట్టింది. గీత వంకరపోతే చెరిపి మళ్ళీ గీసింది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా తల ఎత్తలేదు. ఆవిడ ఆ రోజు నుంచి ఒక ప్రయోగం చేయబోతోంది.

మాస్టారు శిక్షణ కళాశాలలో పాఠం చెబుతారు. మనుషుల అలవాట్లను లెక్కపెట్టి, ఏది మారిస్తే ఏది మారుతుందో తేల్చే శాస్త్రం ఆయనది. ఆదివారాలు విద్యార్థులు ఇంటికే వస్తారు. ముందుగదిలో ఆయన చెప్పేది, వంటింట్లో టీ వడగట్టే ఆవిడ చెవిన ఆరేళ్ళుగా పడుతూనే ఉంది. "ముందు ఏమీ మార్చకుండా లెక్కపెట్టండి. లెక్క నిలకడగా ఉందని తేలాక ఒక్కటంటే ఒక్కటి మార్చండి. రెండు మార్చారో, ఏది పనిచేసిందో ఆ బ్రహ్మకు కూడా తెలియదు. తరవాత మార్చినదాన్ని తీసేసి చూడండి. ఫలితం పడిపోతే మళ్ళీ పెట్టండి. లేచిందా, అదే కారణం!"

ఆవిడ లెక్కపెట్టదలచింది ఒకే ఒక్క మాటను. పెళ్ళయిన కొత్తలో మాస్టారు గేటు గడియ తీస్తూనే "ఏమోయ్!" అని కేకేసేవారు. ఆ కేకకు పనేమీ ఉండేది కాదు. మంచినీళ్ళ కోసమూ కాదు, తువ్వాలు కోసమూ కాదు. ఇంటికి వచ్చానని చెప్పడం, అంతే. అది ఎప్పుడు ఆగిందో ఆవిడకు తెలియదు. తల నెరిసినట్టే, ఫలానా రోజని చెప్పలేం. ఇప్పుడాయన పిల్లిలా వచ్చి కుర్చీలో కూర్చుని కాగితాలు దిద్దుకుంటారు. పిలవమని అడగవచ్చు. కానీ అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది?

ఒక్కరి చెవిని నమ్మకూడదనీ, రెండో మనిషి విడిగా లెక్కపెట్టాలనీ కూడా మాస్టారి పాఠంలో ఉంది. అందుకని ఆవిడ పక్కింటి పిన్నిగారి దగ్గరకు వెళ్ళింది.

"సాయంత్రం ఆరింటికి మీ వరండాలో కూర్చోండి పిన్నిగారూ. ఆయన గేటు తీస్తూ నన్ను పిలిస్తే ఒక గీత, పిలవకపోతే సున్నా. ఎందుకని మాత్రం అడక్కండి. తెలిస్తే లెక్క చెడిపోతుందట."

"అడగనులేవే అమ్మాయ్!" అంది పిన్నిగారు. అడగనన్నదే గానీ ఊహించుకోనని ఆవిడ మాటివ్వలేదు.

వారం గడిచింది. ఆదివారం షికారు నుంచి తిరిగొచ్చిన సాయంత్రంతో కలిపి ఏడు సున్నాలు. ఇద్దరి లెక్కా నూటికి నూరుపాళ్ళూ కలిసింది. ఎనిమిదో రోజు మాస్టారి భార్య ఒక్కటి మార్చింది. ఆరయ్యేసరికి వంటింట్లో ఉండక, వెళ్ళి గేటు దగ్గర నుంచుంది. మంచి చీర కట్టుకుందామని మనసు లాగింది గానీ, అప్పుడు రెండు మార్చినట్టవుతుంది. మసి మరక చీరతోనే నుంచుంది.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "ఎవరైనా వస్తున్నారా?"

"లేదండీ."

ఆయన ఆవిడను ఎగాదిగా చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఏదో రాసి, ఒక నిట్టూర్పు విడిచి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాలుగో రోజు పొద్దున్నే పిన్నిగారు వచ్చింది. "నువ్వు అడగొద్దన్నావు, నేను అడగడం లేదు. చెబుతున్నాను. పోయిన వారమంతా మీ ఆయన లోపలికి వచ్చే ముందు మీ వంటింటి కిటికీ కింద దొంగలా నక్కి, రెండు నిమిషాలు విని, రాసుకున్నారు. ఇప్పుడు నీ ఎదుటే రాసుకుంటున్నారు. ఇవి విడాకులకు సాక్ష్యాలు పోగేసే లక్షణాలే!"

"ఛ, ఊరుకోండి పిన్నిగారూ," అంది గానీ, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

పిన్నిగారు ఊరుకోలేదు. వేరే ఊళ్ళో ఉన్న మాస్టారి కూతురికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి మాస్టారి కళాశాల ప్రిన్సిపాలుకు ఫోన్ చేసి, నాన్న ఈ మధ్య మనిషి మారారా అని అడిగింది. మర్నాడు కూతురు మొదటి బస్సులో దిగి, చేతిసంచి కూడా కింద పెట్టకుండా తల్లిని కావలించుకుని ఏడవడం మొదలుపెట్టింది. పదకొండింటికి మాస్టారు కూడా ఇంటికొచ్చేశారు.

"ప్రిన్సిపాలు నాకు వారం సెలవిచ్చి పంపేశాడు," అన్నారు అయోమయంగా. "ధైర్యంగా ఉండమన్నాడు. నాకొచ్చిన కష్టమేమిటో మీకెవరికైనా తెలుసా?"

"ముందు ఆ పుస్తకం ఇలా ఇవ్వు నాన్నా!" కూతురు ఆయన జేబులోంచి పుస్తకం లాక్కుని పైకి చదివింది. "కూనిరాగం: సున్నా. సున్నా. సున్నా... ఏంటిది?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "మీ అమ్మ వంట చేస్తూ కూనిరాగం తీసేది. మలుపు తిరిగితే చాలు, వినపడేది. నేను కేకేస్తే ఆపేస్తుందని, గడియ చప్పుడు కూడా కాకుండా తీసి, కిటికీ కింద నుంచుని వినేవాణ్ణి. తరవాత్తరవాత రాగం లేదు. ఎందుకో తేలుద్దామని మూడు వారాలుగా కొలుస్తున్నాను. ఇక ఏదైనా మార్చి చూద్దామనుకునేసరికి ఈవిడ గేటు దగ్గర ప్రత్యక్షం! మళ్ళీ మొదటినుంచి కొలవాల్సి వచ్చింది."

"పాడమని అడగొచ్చుగా!"

"అడిగి పాడించుకుంటే అది కూనిరాగం ఎలా అవుతుందే?"

మాస్టారి భార్య పీట మీద కూలబడింది. "మీరు పిలిస్తే వినపడదేమోనని పాడటం మానేశానండీ," అంది మెల్లగా. "ఇన్నేళ్ళూ చెవులు రిక్కించుకునే వండాను."

పిన్నిగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సరిపోయింది సంబడం. ఇప్పుడైనా మొదలుపెట్టండి."

"ముందు ఆయన పిలవాలి."

"ముందు తను పాడాలి. ఇద్దరం ఒకేసారి మొదలుపెడితే..."

"నాన్నా, నడు!" కూతురు ఆయన్ని గేటు బయటికి తోసి గడియ పెట్టింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, చేయడానికేమీ లేక ఒక గిన్నె పట్టుకుని నుంచుంది. బయట మాస్టారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"ఏమోయ్!"

గొంతు మధ్యలో చీలింది. అలవాటు తప్పిన కేక. అయినా అదే. ఆవిడ "ఆఁ" అనేలోపే చేతిలో గిన్నె జారి గట్టిగా మోగింది. దాన్నే జవాబనుకున్నారు మాస్టారు.

వారం తిరిగేసరికి పుస్తకంలో పిలుపు, కూనిరాగం రెండు లెక్కలూ మెట్లెక్కినట్టు పైకి లేచాయి. మాస్టారు మురిసిపోతూ కలం తీశారు. "ఇంక రుజువు ఒక్కటే మిగిలింది. ఈ వారం నేను పిలవడం ఆపేసి చూడాలి."

ఆవిడ టీ కప్పు ఆయన ముందు పెట్టింది. "ఆ వారం మనం పెట్టుకోనక్కర్లేదండీ. మనిద్దరిలో ఎవరో ఒకరికి అదే వస్తుంది. ఒంటరిగా మిగిలినవాళ్ళు అప్పుడు లెక్కపెట్టుకుంటారు. అందాకా మీరు పిలుస్తూ ఉండండి."

మాస్టారు కలానికి మూత పెట్టారు.

ప్రయోగాన్ని మధ్యలో వదిలేసినవారికి మార్కులు వేసేది లేదని విద్యార్థులకు ఆయన ఇప్పటికీ గట్టిగానే చెబుతారు.